హైడ్రాలిక్ సిలిండర్‌ని వాల్వులతో నడిపించడం: లెక్క, ఎంపిక, అమరిక, సెట్టింగ్

సిలిండర్ ఎటు కదలాలో తేల్చేది డైరెక్షనల్ కంట్రోల్ వాల్వ్. ఎంత వేగంగా కదలాలో తేల్చేది ఫ్లో కంట్రోల్ వాల్వ్. ఇక్కడిదాకా తెలియనివాళ్లు ఉండరు. అయినా ఇబ్బంది పెట్టే సర్క్యూట్‌ని విప్పి చూస్తే చాలాసార్లు ఒకే రకం పొరపాటు బయటపడుతుంది: సిలిండర్‌లోకి వెళ్లే ఆయిల్‌ని లెక్కేశారు, అవతలి వైపు నుంచి బయటికి రావాల్సిన ఆయిల్‌ని వదిలేశారు. పిస్టన్ ఒక్క మిల్లీమీటర్ కదలాలన్నా రెండు వైపులా దారి ఉండాలి. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి దశలోనూ బయటికి వచ్చే దారినే ముందు చూస్తాం.

మొదటినుంచీ గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పంప్ ఇచ్చేది ఫ్లో మాత్రమే, ప్రెషర్ కాదు. ఆ ఫ్లోకి లోడ్, వాల్వులు, పైపులు ఎంత అడ్డుపడితే ప్రెషర్ అంత పెరుగుతుంది. రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ని ట్యాంక్‌కి వదిలేసేది) 160 బార్‌కి సెట్ చేసి ఉన్నంత మాత్రాన సిలిండర్‌లో 160 బార్ ఉందనుకోకూడదు.

ఉదాహరణకి ఈ సిలిండర్‌ని తీసుకుందాం: బోర్ (లోపలి వ్యాసం) 80 మి.మీ., రాడ్ వ్యాసం 45 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ ప్రయాణించే దూరం) 500 మి.మీ. పంప్ నిమిషానికి 30 లీటర్ల ఫిక్స్‌డ్ పంప్, అంటే ఎప్పుడూ అంతే ఇచ్చేది. రిలీఫ్ 160 బార్.

దశ 1: రెండు వైపుల వైశాల్యాలు, రెండు వైపుల ఫ్లో

బోర్ వైపు వైశాల్యం 50.3 చ.సెం.మీ. రాడ్ అడ్డంగా ఆక్రమించేది 15.9 చ.సెం.మీ. ఇది తీసేస్తే రాడ్ వైపు ఆయిల్ తగిలే వైశాల్యం 34.4 చ.సెం.మీ. ఈ రెండింటి నిష్పత్తి 1.46. ఈ అంకెని కాగితం మీద పెద్దగా రాసి పెట్టుకోండి, చివరిదాకా దీనితో పని ఉంటుంది.

సూత్రం సులువే. వైశాల్యాన్ని చ.సెం.మీ.లోనూ వేగాన్ని నిమిషానికి సెంటీమీటర్లలోనూ పెట్టి గుణించి 1000తో భాగిస్తే నిమిషానికి లీటర్లు వస్తాయి. సెకనుకి 100 మి.మీ. వేగంతో రాడ్ బయటికి రావాలంటే, అంటే నిమిషానికి 600 సెం.మీ., బోర్ వైపు 30.2 లీటర్లు కావాలి. మన పంప్ సరిగ్గా సరిపోతుంది. అదే సమయంలో రాడ్ వైపు నుంచి ట్యాంక్‌కి వెళ్లేది 20.6 లీటర్లే.

ఇప్పుడు తిరుగు ప్రయాణం చూడండి. అదే 30 లీటర్లు రాడ్ వైపు వెళ్తే సిలిండర్ సెకనుకి 145 మి.మీ. వేగంతో లోపలికి వస్తుంది. ఆ సమయంలో బోర్ వైపు నుంచి బయటికి తోసుకొచ్చే ఆయిల్ నిమిషానికి 44 లీటర్లు. పంప్ ఇచ్చేది 30, వాల్వ్ గుండా ట్యాంక్‌కి పోయేది 44. పంప్ కెపాసిటీ చూసి వాల్వ్, రిటర్న్ పైపు, రిటర్న్ ఫిల్టర్ ఎంచుకుంటే తిరుగు స్ట్రోక్‌లో అడ్డు తగులుతుంది, ఆయిల్ వేడెక్కుతుంది. లావు రాడ్ ఉన్న సిలిండర్లలో ఈ నిష్పత్తి 2 దాకా పోతుంది. అప్పుడు రిటర్న్ ఫ్లో పంప్ ఫ్లోకి రెట్టింపు.

ఫోర్స్ కూడా ఇక్కడే చూసేయండి. ఒక బార్ అంటే చ.సెం.మీ.కి 10 న్యూటన్లు. 160 బార్ దగ్గర తోసే ఫోర్స్ సుమారు 80 కిలోన్యూటన్లు, అంటే 8.2 టన్నుల బరువుకి సమానం. లాగే ఫోర్స్ 55 కిలోన్యూటన్లు. ఇవి అవతలి వైపు బ్యాక్ ప్రెషర్ (బయటికి పోవాల్సిన ఆయిల్ ఎదురు నెట్టే ప్రెషర్) సున్నా అయినప్పటి అంకెలు. రాడ్ వైపు 20 బార్ బ్యాక్ ప్రెషర్ ఉంటే తోసే ఫోర్స్‌లో దాదాపు 7 కిలోన్యూటన్లు పోయినట్టే.

దశ 2: లోడ్ ఎటు లాగుతోంది?

వాల్వుల కేటలాగ్ తెరిచే ముందు ఈ ప్రశ్నకి జవాబు రాసుకోండి. కదిలే దిశకి లోడ్ ఎదురు నిలుస్తోందా? ప్రెస్, క్లాంప్, సామాను పైకెత్తే సిలిండర్ ఈ రకం. లేక కదిలే దిశలోనే లోడ్ సిలిండర్‌ని లాక్కెళుతోందా? ఎత్తిన బరువుని దించడం, రాడ్‌కి వేలాడే టూల్, తిరిగే చేయి ఈ రకం. దీన్నే ఓవర్‌రన్నింగ్ లోడ్ అంటారు. కొన్ని యంత్రాల్లో ఒకే స్ట్రోక్‌లో లోడ్ మొదట ఎదురు నిలిచి, మధ్య బిందువు దాటగానే లాక్కెళ్లడం మొదలుపెడుతుంది. టిప్పింగ్, టిల్టింగ్ మెకానిజాల్లో ఇది మామూలే. డ్రిల్ రంధ్రం అవతలికి తేలిన క్షణంలోనూ ఇదే జరుగుతుంది.

లోడ్ ఎదురు నిలిచినంతకాలం ఏ ఫ్లో కంట్రోల్ పద్ధతైనా పనిచేస్తుంది. లాక్కెళ్లే లోడ్ ఉంటే మాత్రం బయటికి వచ్చే ఆయిల్‌ని అదుపు చేసి తీరాలి.

దశ 3: డైరెక్షనల్ వాల్వ్, దాని సెంటర్

డబుల్ యాక్టింగ్ సిలిండర్‌కి, అంటే రెండు దిశల్లోనూ ఆయిల్‌తోనే కదిలేదానికి, సాధారణంగా వాడేది 4/3 వాల్వ్. అంటే నాలుగు పోర్టులు, మూడు స్థానాలు. పంప్‌కి పి, ట్యాంక్‌కి టి, సిలిండర్‌కి ఎ, బి. ఒక కాయిల్‌కి (సొలెనాయిడ్‌కి) కరెంట్ ఇస్తే పి నుంచి ఎ, బి నుంచి టి. రెండోదానికి ఇస్తే అటుదిటు. రెండింటికీ ఇవ్వకపోతే స్ప్రింగ్‌లు స్పూల్‌ని (వాల్వ్ లోపల జరుగుతూ దారులు మార్చే కడ్డీని) మధ్యలోకి తెస్తాయి. ఆ మధ్య స్థానంలో ఏ పోర్ట్ దేనితో కలిసి ఉందన్నదే అసలు ఎంపిక.

క్లోజ్డ్ సెంటర్‌లో నాలుగు పోర్టులూ మూసి ఉంటాయి. ఒకే పంప్ మీద చాలా సిలిండర్లు నడిచేచోట, వేరియబుల్ పంప్ (అవసరాన్ని బట్టి ఫ్లో మార్చేది) ఉన్నచోట ఇది వాడతారు. ఫిక్స్‌డ్ పంప్‌తో వాడితే ఆగి ఉన్నంతసేపూ ఫ్లో అంతా రిలీఫ్ మీదుగా పోతూ ట్యాంక్‌ని వేడెక్కిస్తుంది. దీనికి ఇంకో గుణం కూడా ఉంది. స్పూల్‌కీ బాడీకీ మధ్య కొన్ని మైక్రాన్ల సందు తప్పదు. ఆ సందులోంచి పి పోర్ట్ ప్రెషర్ నెమ్మదిగా ఎ, బి రెండింటికీ చేరుతుంది. రెండు వైపులా ప్రెషర్ ఉన్నా బోర్ వైపు వైశాల్యం ఎక్కువ కాబట్టి, లోడ్ లేని సిలిండర్ తనంతట తానే బయటికి పాకుతుంది. సీల్ పోయిందని సిలిండర్ విప్పేసే ముందు ఈ సంగతి తలచుకోండి.

టాండెమ్ సెంటర్‌లో ఎ, బి మూసి ఉంటాయి, పి నేరుగా టికి కలుస్తుంది. ఒక పంప్, ఒక సిలిండర్ ఉన్న చిన్న పవర్ ప్యాక్‌కి ఇది చక్కగా సరిపోతుంది, ఆగినప్పుడు పంప్ మీద భారం ఉండదు. ఇలాంటి వాల్వుల్ని వరసగా కలిపితే మాత్రం మొదటి వాల్వ్ టి పోర్ట్ మీద తర్వాతి సిలిండర్ల ప్రెషర్ పడుతుంది. టి పోర్ట్ ఎంత తట్టుకుంటుందో కేటలాగ్‌లో విడిగా ఉంటుంది, పి పోర్ట్ అంకె కంటే అది తక్కువ.

ఫ్లోట్ సెంటర్‌లో పి మూసి ఉంటుంది, ఎ, బి రెండూ ట్యాంక్‌కి తెరుచుకుంటాయి. ఓపెన్ సెంటర్‌లో నాలుగూ కలుస్తాయి. ఈ రెండూ ఒంటరిగా లోడ్‌ని ఆపవు. కానీ పైలట్ చెక్ వాల్వ్‌తో (మామూలుగా ఒకే వైపు వదిలి, వేరే లైన్ ప్రెషర్ వస్తేనే రెండో వైపూ తెరిచేదానితో) లోడ్‌ని లాక్ చేయాలంటే కావాల్సింది ఇవే. ఎందుకో దశ 6లో వస్తుంది.

సైజు సంగతి. చిన్న పవర్ ప్యాక్‌ల్లో ఎక్కువగా కనిపించేది ఎన్‌జీ 6. దీన్నే సీటాప్ 3 అంటారు, మౌంటింగ్ ముఖం ఐఎస్‌ఓ 4401-03 ప్రకారం ఉంటుంది. దాని పైది ఎన్‌జీ 10, సీటాప్ 5. ఎన్‌జీ 6 గరిష్ఠ ఫ్లో సుమారు 60 నుంచి 80 లీటర్లని కేటలాగ్‌లు రాస్తాయి. ఆ అంకెని చూసి ఆగిపోకండి. అది స్పూల్ మారగలిగే హద్దు మాత్రమే, హాయిగా నడిచే ఫ్లో కాదు. ప్రెషర్ డ్రాప్ కర్వ్ తెరిచి మన 44 లీటర్ల దగ్గర ఎ నుంచి టికి ఎన్ని బార్లు పోతున్నాయో చదవండి. సైకిల్ ఆగకుండా నడిచే యంత్రమైతే ఎన్‌జీ 10కి వెళ్లడమే మేలు. ఇంకో మెలిక: ఆ హద్దులు రెండు దారుల్లోనూ ఒకేసారి ఫ్లో ఉన్నప్పటివి. ఎ, బిల్లో ఒకదాన్ని ప్లగ్ చేసి వాడితే స్పూల్ మీద బలాలు సమతూకం తప్పి హద్దు బాగా పడిపోతుంది.

ఎన్‌జీ 16, అంతకంటే పెద్ద వాల్వుల్లో సొలెనాయిడ్ నేరుగా పెద్ద స్పూల్‌ని తోయలేదు. పైన ఉన్న చిన్న పైలట్ వాల్వ్ ఆయిల్ ప్రెషర్‌తో తోస్తుంది. దీనికి కొద్దిపాటి పైలట్ ప్రెషర్ ఎప్పుడూ ఉండాలి. టాండెమ్ సెంటర్ పెట్టి పైలట్‌ని లోపలి నుంచే తీసుకుంటే, మధ్య స్థానంలో పి ప్రెషర్ సున్నాకి పడి వాల్వ్ ఇక మారనే మారదు. పైలట్‌ని బయటి లైన్ నుంచి ఇవ్వండి, లేదా స్ప్రింగ్ ఉన్న ప్రీలోడ్ చెక్ వాల్వ్ పెట్టండి.

దశ 4: ఫ్లో కంట్రోల్ ఎక్కడ పెట్టాలి

ఒకే వాల్వ్‌ని మూడు చోట్ల పెట్టవచ్చు, మూడు చోట్లా ప్రవర్తన వేరు.

మీటర్ ఇన్ అంటే సిలిండర్‌లోకి వెళ్లే ఆయిల్‌ని కొలిచి పంపడం. లోడ్ స్ట్రోక్ అంతా ఎదురు నిలిచేచోట ఇది బాగుంటుంది, బయటి వైపు బ్యాక్ ప్రెషర్ ఉండదు, ఫోర్స్ పూర్తిగా దక్కుతుంది. లోడ్ ముందుకి లాగితే మాత్రం పిస్టన్ ఆయిల్ కంటే ముందే పరిగెడుతుంది, వెనక ఖాళీ ఏర్పడుతుంది.

మీటర్ అవుట్ అంటే బయటికి వచ్చే ఆయిల్‌ని అడ్డగించడం. పిస్టన్ రెండు ఆయిల్ స్తంభాల మధ్య నొక్కుకుని ఉంటుంది, ఊగిసలాడదు, లాక్కెళ్లే లోడ్‌ని పట్టి ఉంచుతుంది. అందుకే చాలామంది ఆలోచించకుండా అన్నిచోట్లా మీటర్ అవుట్ పెట్టేస్తారు. అలవాటుగా బాగానే ఉంటుంది కానీ ఒక ప్రమాదం ఉంది. మన సిలిండర్ రాడ్ బయటికి వస్తోంది, రాడ్ వైపు థ్రాటిల్ (దారిని సన్నం చేసే మామూలు ఫ్లో కంట్రోల్) ఉంది, లోడ్ లేదు. పంప్ ఫ్లోలో కొంతే పోతోంది కాబట్టి బోర్ వైపు 160 బార్ నిలుస్తుంది. దాన్ని ఆపాలంటే రాడ్ వైపు 160ని 1.46తో గుణించినంత, అంటే 234 బార్ ఉండాలి. దీనికి తోడు 2 టన్నుల బరువు రాడ్‌కి వేలాడుతుంటే మరో 57 బార్. మొత్తం 291. సిలిండర్, హోస్, ఫిటింగ్ 250 బార్ రకమైతే రిలీఫ్ వాల్వ్ ఏమీ చేయలేదు, ఎందుకంటే అది పంప్ వైపు ఉంది. పంప్ గేజ్ కూడా 160 దగ్గరే ప్రశాంతంగా ఉంటుంది.

ఈ పరిస్థితిలో కొన్ని దారులున్నాయి. బోర్ వైపుకి వెళ్లే ప్రెషర్‌ని రెడ్యూసింగ్ వాల్వ్‌తో తగ్గించవచ్చు. దించే పనిని కౌంటర్‌బ్యాలెన్స్ వాల్వ్‌కి (లోడ్‌ని పట్టి ఉంచి అదుపుగా వదిలేది, దశ 6లో వస్తుంది) అప్పగించి వేగాన్ని మీటర్ ఇన్‌తో పెట్టవచ్చు. లేదా రాడ్ వైపు పార్టులన్నీ ఆ ప్రెషర్‌కి తగినవి తీసుకోవచ్చు. రెండోది ఎక్కువ యంత్రాలకి నప్పుతుంది.

ఫ్లో కంట్రోల్ పెట్టే మూడో పద్ధతి బ్లీడ్ ఆఫ్. పంప్ లైన్ నుంచి పక్కకి కొంత ఆయిల్ ట్యాంక్‌కి వదిలేయడం. పంప్ లోడ్‌కి కావాల్సిన ప్రెషర్ దగ్గరే నడుస్తుంది కాబట్టి వేడి తక్కువ. వేగం అంత ఖచ్చితంగా ఉండదు, లాక్కెళ్లే లోడ్‌కి అసలు పనికిరాదు.

ఫ్లో రేంజ్ ఎంచుకునేటప్పుడు ఏ వైపు కొలుస్తున్నామో మరవద్దు. సెకనుకి 60 మి.మీ. వేగం కావాలనుకోండి. మీటర్ ఇన్ అయితే 18.1 లీటర్లు, మీటర్ అవుట్ అయితే అదే వేగానికి 12.4 లీటర్లే. చాలా పెద్ద రేంజ్ వాల్వ్ తీసుకుంటే నాబ్‌ని కాస్త తిప్పగానే వేగం విపరీతంగా మారుతుంది.

వేడి లెక్క కూడా వేసేయండి. 30లో 18 లీటర్లు సిలిండర్‌కి పోతే మిగతా 12 లీటర్లు రిలీఫ్ మీదుగా 160 బార్ దగ్గర పోతాయి. లీటర్లని బార్‌తో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు: 3.2. చిన్న ట్యాంక్‌లో ఇది హీటర్ పెట్టినట్టే. ఇలాంటి యంత్రం రోజంతా నడవాలంటే కూలర్ గానీ వేరియబుల్ పంప్ గానీ తప్పదు.

దశ 5: మామూలు థ్రాటిల్ చాలా, కాంపెన్సేటెడ్ కావాలా

థ్రాటిల్ గుండా పోయే ఫ్లో దాని రెండు వైపుల మధ్య ఉన్న ప్రెషర్ తేడాకి వర్గమూలంగా మారుతుంది. అంటే ఫ్లో రెట్టింపు కావాలంటే ప్రెషర్ తేడా నాలుగింతలు కావాలి. మన మీటర్ ఇన్ సర్క్యూట్‌లో లోడ్ ప్రెషర్ 40 బార్ ఉన్నప్పుడు థ్రాటిల్ మీద తేడా 120 బార్. ఆ స్థితిలో 18 లీటర్లకి సెట్ చేశాం. లోడ్ పెరిగి 120 బార్ అయితే తేడా 40 బార్‌కి పడిపోతుంది. ఫ్లో 10.4 లీటర్లవుతుంది, వేగం సెకనుకి 60 నుంచి 35 మి.మీ.కి జారుతుంది. నాబ్‌ని ఎవరూ ముట్టుకోలేదు.

క్లాంపింగ్, తలుపులు తెరవడం, రోజంతా ఒకే బరువు ఎత్తడం లాంటి పనులకి ఇది పెద్ద విషయం కాదు, థ్రాటిల్ చెక్ వాల్వ్ (ఒక దిశలో ఫ్లోని అదుపు చేసి, రెండో దిశలో స్వేచ్ఛగా వదిలేది) చాలు. ఫీడ్ వేగం నిలకడగా ఉండాల్సిన చోట ప్రెషర్ కాంపెన్సేటెడ్ ఫ్లో కంట్రోల్ తీసుకోండి. దాని లోపల ఇంకో చిన్న స్పూల్ కదులుతూ, కొలిచే రంధ్రం మీద ప్రెషర్ తేడాని స్థిరంగా ఉంచుతుంది. ఇది పనిచేయాలంటే వాల్వ్ మొత్తం మీద కనీసం సుమారు 10 బార్ తేడా మిగిలి ఉండాలి, అసలు అంకె కేటలాగ్‌లో ఉంటుంది. లోడ్ 155 బార్, రిలీఫ్ 160 బార్ అయితే ఎంత ఖరీదైన కాంపెన్సేటర్ అయినా మామూలు థ్రాటిల్‌లాగే ప్రవర్తిస్తుంది.

కాంపెన్సేటర్‌కి ఒక చిన్న దుర్గుణం ఉంది. ఫ్లో లేనప్పుడు లోపలి స్పూల్ పూర్తిగా తెరిచి ఉంటుంది. ఫ్లో మొదలవగానే అది సర్దుకునే లోపు సిలిండర్ ఒక గెంతు వేస్తుంది. దీన్ని తగ్గించడానికి స్పూల్ ప్రయాణాన్ని పరిమితం చేసే స్క్రూ ఉన్న రకాలు దొరుకుతాయి.

దశ 6: ఆగినచోట నిలవాలంటే

స్పూల్ వాల్వ్ లోడ్‌ని పట్టి ఉంచదు. క్లోజ్డ్ సెంటర్ అయినా, టాండెమ్ అయినా ఇంతే. లీకేజీ లేకుండా ఆపేది సీట్ మీద కూర్చునే వాల్వ్ మాత్రమే.

పైలట్ ఆపరేటెడ్ చెక్ వాల్వ్ సిలిండర్‌కి వెళ్లే ఆయిల్‌ని స్వేచ్ఛగా వదులుతుంది, తిరిగి రావాలంటే అవతలి లైన్ ప్రెషర్ వచ్చి తెరవాలి. అది గట్టిగా మూసుకోవాలంటే పైలట్ లైన్ ప్రెషర్ సున్నా కావాలి. క్లోజ్డ్ లేదా టాండెమ్ సెంటర్ పెడితే ఎ, బి లైన్లలో ఆయిల్ చిక్కుకుని పైలట్‌ని కొద్దిగా తెరిచే ఉంచుతుంది, లోడ్ జారుతుంది. అందుకే ఇక్కడ ఎ, బి ట్యాంక్‌కి తెరుచుకునే ఫ్లోట్ సెంటర్ కావాలి.

లాక్కెళ్లే లోడ్‌ని దించడానికి పైలట్ చెక్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. అది తెరవగానే లోడ్ పరిగెడుతుంది, పంప్ వైపు ప్రెషర్ పడిపోతుంది, చెక్ మూసుకుంటుంది, మళ్లీ ప్రెషర్ పెరిగి తెరుచుకుంటుంది. ఫ్రేమ్ అంతా టకటకా కొట్టుకుంటుంది. ఆ పనికి కౌంటర్‌బ్యాలెన్స్ వాల్వ్ పెట్టండి. సెట్టింగ్ సాధారణంగా గరిష్ఠ లోడ్ ప్రెషర్‌కి 1.3 రెట్లు. మన 57 బార్ లోడ్‌కి 75 బార్. పైలట్ నిష్పత్తి (తెరవడంలో పైలట్ ప్రెషర్ లోడ్ ప్రెషర్ కంటే ఎన్ని రెట్లు పనిచేస్తుందో ఆ అంకె) 3 అయితే బోర్ వైపు సుమారు 4 బార్ రాగానే అది తెరుచుకోవడం మొదలవుతుంది. నిష్పత్తి పెరిగేకొద్దీ శక్తి ఆదా అవుతుంది, కానీ ఊగిసలాట పెరుగుతుంది. లోడ్ ఊగే స్వభావం ఉంటే తక్కువ నిష్పత్తి తీసుకోండి. ఈ వాల్వ్‌ని సిలిండర్ పోర్ట్‌కే బిగించాలి. మధ్యలో హోస్ ఉంటే, హోస్ పగిలిన రోజున అది ఉన్నా లేనట్టే.

దశ 7: అమరిక

ఎన్‌జీ 6 వాల్వుల్ని ఒకదానిమీద ఒకటి పేర్చే శాండ్‌విచ్ అమరికలో వరస తప్పితే మంచి వాల్వులే చెడు ప్రవర్తన చూపిస్తాయి. డైరెక్షనల్ వాల్వ్ అన్నిటికంటే పైన. మీటర్ అవుట్ థ్రాటిల్, పైలట్ చెక్ రెండూ ఉంటే థ్రాటిల్ సిలిండర్ వైపు, అంటే కింద మానిఫోల్డ్ (ఆయిల్ దారులు తొలిచిన దిమ్మె) దగ్గర ఉండాలి. పైలట్ చెక్ దాని పైన. తారుమారైతే థ్రాటిల్ పుట్టించే బ్యాక్ ప్రెషర్ చెక్ వాల్వ్ వెనక పడి దాన్ని మూయాలని చూస్తుంది. సిలిండర్ ఆగి ఆగి కదులుతుంది.

శాండ్‌విచ్ థ్రాటిల్ చెక్‌లని చాలావరకు తలకిందులు చేసి మీటర్ ఇన్‌గా లేదా మీటర్ అవుట్‌గా పెట్టవచ్చు. బాడీ మీద గుర్తు చూసే బిగించండి. లైన్‌లో బిగించే రకాల్లో బాణం గుర్తు కొందరు కంట్రోల్ దిశకి, కొందరు స్వేచ్ఛగా పోయే దిశకి వేస్తారు. బాణాన్ని కాకుండా సింబల్‌ని నమ్మండి.

మౌంటింగ్ ముఖం 100 మి.మీ.కి 0.01 మి.మీ. సమతలంలో ఉండాలి. ఓ-రింగ్‌లు తమ గాడుల్లో ఉన్నాయో లేదో చూసి, నాలుగు బోల్టుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెంగా, తయారీదారు చెప్పిన టార్క్‌కి బిగించండి. ఎక్కువ బిగిస్తే బాడీ మెలి తిరిగి స్పూల్ పట్టేస్తుంది. చేత్తో తోస్తే కదిలిన స్పూల్ బిగించాక కదలకపోతే కారణం ఇదే. స్పూల్ రేఖ అడ్డంగా ఉండేలా అమర్చండి.

దశ 8: మొదటిసారి నడపడం, సెట్ చేయడం

పని మొదలుపెట్టే ముందు లోడ్‌ని నేలమీదికి దించి, మోటార్ ఆపి, అక్యుమ్యులేటర్ (ఆయిల్‌ని ప్రెషర్‌తో నిల్వ ఉంచే పాత్ర) ఉంటే ఖాళీ చేయాలి. లీకేజీ ఎక్కడుందో చేత్తో తడిమి చూడకండి. సన్నని రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ ధార చర్మంలోకి దిగుతుంది. పైకి చిన్న గీత లాగే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది. అట్ట ముక్క అడ్డుపెట్టి చూడండి.

1. రిలీఫ్ వాల్వ్‌ని పూర్తిగా వదులు చేయండి. మోటార్‌ని ఒక్క క్షణం ఆన్ చేసి తిరిగే దిశ చూడండి.

2. డైరెక్షనల్ వాల్వ్ మధ్యలో ఉండగా పంప్‌ని కొన్ని నిమిషాలు నడపండి. ట్యాంక్ లెవెల్ తగ్గితే నింపండి.

3. ఫ్లో కంట్రోల్స్ దాదాపు మూసి, ప్రెషర్‌ని 20–30 బార్‌కి తెచ్చి, లోడ్ లేకుండా సిలిండర్‌ని ఆ చివరి నుంచి ఈ చివరికి పలుమార్లు నెమ్మదిగా నడపండి. గాలి పోయేదాకా స్ట్రోక్ సాఫీగా ఉండదు. ట్యాంక్‌లో నురగ తగ్గడం మంచి సూచన.

4. సిలిండర్‌ని స్ట్రోక్ చివర ఆనించి పెట్టి రిలీఫ్‌ని మెల్లగా పెంచండి. టాండెమ్ సెంటర్‌లో మధ్య స్థానంలో ఉండి రిలీఫ్ సెట్ చేయడం కుదరదు, ప్రెషర్ ఎక్కదు. పనికి కావాల్సిన ప్రెషర్ కంటే సుమారు 10 శాతం ఎక్కువ చాలు. లాక్ నట్ బిగించి మళ్లీ చూడండి, బిగించేటప్పుడు అంకె కాస్త జరుగుతుంది.

5. ఆయిల్ పని వేడికి, అంటే 40 నుంచి 50 డిగ్రీల సెల్సియస్‌కి వచ్చాక వేగం సెట్ చేయండి. చల్లటి ఆయిల్‌తో పొద్దున సెట్ చేసిన వేగం మధ్యాహ్నానికి ఉండదు. ఎప్పుడూ మూసిన వైపు నుంచి తెరుస్తూ రండి. కొలత స్టాప్‌వాచ్‌తో: 500 మి.మీ. స్ట్రోక్ సెకనుకి 60 మి.మీ. వేగంతో సుమారు 8.3 సెకన్లు పట్టాలి. సిలిండర్‌లో కుషన్ (స్ట్రోక్ చివర వేగం తగ్గించే ఏర్పాటు) ఉంటే ఆ చివరి ముక్క వదిలి మధ్య భాగంలో కొలవండి.

6. మీటర్ అవుట్ ఉంటే రాడ్ వైపు 400 బార్ గేజ్ పెట్టి, కదులుతున్నప్పుడు ప్రెషర్ చదివి రాసి పెట్టండి. దశ 4లో వేసిన లెక్క నిజమో కాదో ఇక్కడ తేలుతుంది.

ఆయిల్ శుభ్రత గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మామూలు సొలెనాయిడ్ వాల్వులకి ఐఎస్‌ఓ 4406 (ఆయిల్‌లోని చెత్త కణాల లెక్కకి ప్రమాణం) ప్రకారం 20/18/15 సరిపోతుంది, ప్రపోర్షనల్ వాల్వులకి (కరెంట్‌ని బట్టి కొద్దికొద్దిగా తెరుచుకునేవాటికి) ఇంకా శుభ్రంగా కావాలి. డ్రమ్ములోంచి వచ్చిన కొత్త ఆయిల్ చాలాసార్లు ఇంత శుభ్రంగా ఉండదు, ఫిల్టర్ గుండానే ట్యాంక్‌లో పోయండి.

దశ 9: తప్పు జరిగితే ఎక్కడ వెతకాలి

సిలిండర్ కదలడమే లేదు. సొలెనాయిడ్ చివర ఉన్న మాన్యువల్ ఓవర్‌రైడ్ పిన్‌ని నొక్కండి, ముందు చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని. కదిలితే తప్పు కరెంట్ వైపు: 24 వోల్ట్ కాయిల్ ప్లగ్ దగ్గర 21.6 వోల్ట్‌ల కంటే తక్కువ వస్తోందేమో, రెండు కాయిల్స్‌కీ ఒకేసారి కరెంట్ వెళ్తోందేమో చూడండి. పిన్ లోపలికి పోకపోతే స్పూల్ పట్టేసింది. పిన్ కదిలినా సిలిండర్ కదలకపోతే ప్రెషర్ లేదు, లేదా బయటికి వచ్చే దారి ఎక్కడో మూసుకుంది. ఏసీ కాయిల్ కాలిపోయిందని కొత్తది వేసి వదిలేయకండి. స్పూల్ పూర్తిగా లాగబడకపోతే ఏసీ కాయిల్‌లో మొదటి క్షణపు పెద్ద కరెంట్ అలాగే నిలిచి కాల్చేస్తుంది. స్పూల్‌ని శుభ్రం చేయకుండా కాయిల్ మారిస్తే రెండోదీ పోతుంది. డీసీ కాయిల్‌కి ఈ బెడద లేదు.

ఒక దిశలో వేగం అదుపులో లేదు. థ్రాటిల్ చెక్ తిరగబడి ఉంది, లేదా దాని చెక్ సీట్ మీద చెత్త ఉండి ఆయిల్ పక్కదారి పడుతోంది. నాబ్ పూర్తిగా మూసి చూడండి. ఇంకా కదులుతుంటే సీట్ దగ్గరే తప్పు.

వేడెక్కేకొద్దీ వేగం మారుతోంది. ఎటు మారుతోందో చూడండి. వేగం పెరుగుతుంటే థ్రాటిల్ ఆయిల్ చిక్కదనానికి స్పందిస్తోంది. పదునైన అంచు రంధ్రం ఉన్న రకానికి మార్చాలి. వేగం తగ్గుతుంటే పంప్ అరిగింది, లేదా వాల్వ్ లోపల, పిస్టన్ సీల్ దగ్గర లీకేజీ పెరిగింది.

నెమ్మది వేగంలో కుదుపులు. గాలి, గైడ్ వంకర, సీల్ రాపిడి మొదట చూడండి. తర్వాత ఫ్లో కంట్రోల్ కనీస ఫ్లో ఎంతో కేటలాగ్‌లో చూడండి, ఆ అంకె కంటే కింద ఏ వాల్వూ నిలకడగా కొలవదు.

దిశ మారినప్పుడు గట్టిగా దెబ్బ. స్పూల్ మరీ త్వరగా మారుతోంది. సాఫ్ట్ షిఫ్ట్ రకం డీసీ వాల్వ్ వేయండి, పెద్ద వాల్వుల్లో అయితే పైలట్ చోక్ (పైలట్ ఆయిల్‌ని నెమ్మది చేసేది) బిగించండి. రెండు దిశల మధ్య క్షణకాలం ఆగేలా ప్రోగ్రామ్ మార్చినా తగ్గుతుంది.

ఆగిన లోడ్ జారుతోంది. ఇక్కడే ఎక్కువ సిలిండర్లు అనవసరంగా విప్పబడుతుంటాయి. రాడ్‌ని లోపలికి నొక్కే లోడ్ ఉండి, రెండు పోర్టులూ నిజంగా మూసుకుంటే, పిస్టన్ సీల్ పూర్తిగా పోయినా లోడ్ పెద్దగా దిగదు. రాడ్ లోపలికి రావాలంటే దాని పరిమాణమంత ఆయిల్ ఎక్కడికో పోవాలి కదా, దారి లేదు. జరిగేదల్లా ప్రెషర్ పెరగడమే: 50 బార్ లోడ్ అప్పుడు రాడ్ వైశాల్యం మీదే ఆని రెండు వైపులా 158 బార్ అవుతుంది. కాబట్టి ఇలాంటి లోడ్ ఆగకుండా దిగుతుంటే ఆయిల్ వాల్వ్ గుండా బయటికి పోతోందన్నమాట. రాడ్‌కి వేలాడే లోడ్ సంగతి వేరు, అక్కడ సీల్ పోతే బోర్ వైపు ఖాళీ ఏర్పడుతూ లోడ్ దిగగలదు.

సీల్‌ని పరీక్షించే పద్ధతి ఇది. లోడ్‌కి స్టాండ్ పెట్టండి. రాడ్‌ని పూర్తిగా బయటికి తెచ్చి, మోటార్ ఆపి, రెండు లైన్లలోనూ ప్రెషర్ వదిలేయండి. రాడ్ వైపు హోస్ విప్పి, దాని చివరని ప్లగ్ చేసి, సిలిండర్ పోర్ట్ కింద డబ్బా పెట్టండి. మళ్లీ స్టార్ట్ చేసి బోర్ వైపే ప్రెషర్ ఇవ్వండి. మొదట కాస్త ఆయిల్ కారి ఆగిపోతే సీల్ బాగుంది. ధార ఆగకుండా వస్తుంటే సీల్ మార్చాలి, దాంతోపాటు ట్యూబ్ లోపల గీతలు పడ్డాయేమో చూడాలి. ధార లేకుండానే లోడ్ జారుతుంటే పైలట్ చెక్ లేదా కౌంటర్‌బ్యాలెన్స్ సీట్ విప్పి చూడండి. అది శుభ్రంగానే ఉంటే డైరెక్షనల్ వాల్వ్ స్పూల్ నంబర్ చదవండి. ఎప్పుడో విడిభాగం మార్చినప్పుడు ఫ్లోట్ సెంటర్ బదులు క్లోజ్డ్ సెంటర్ వేసి ఉండే అవకాశం తక్కువేమీ కాదు.